వదిన క్యాలెండర్‌లో బూడిదరంగు గడులు

ఆ లిఫ్టుల మరమ్మతు కంపెనీలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ వదినే. ఒకప్పుడు ఆవిడ భర్త అక్కడ మెకానిక్కు. చిన్నవాళ్లు, పెద్దవాళ్లు అని లేకుండా అందరూ అతన్ని అన్నా అనేవాళ్లు. ఒకనాడు ఒక్క పూటలో రెండు పూటల పని నెత్తికెత్తుకుని, ఆ హడావిడిలో లిఫ్టు గుంటలోకి జారిపడ్డాడు. ప్రాణం దక్కింది గాని, గంటసేపు నిటారుగా నిలబడే యోగం మాత్రం పోయింది. ఆ మరుసటి నెల ఆవిడ వచ్చి ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుంది. అన్న భార్య గనక వదిన. అలా కూర్చుని ఇరవై రెండేళ్లు. ఈలోగా కుర్చీ మూడుసార్లు మారింది, కూర్చున్న మనిషి మారలేదు.

మొదట్లో పనంటే ఒక ఫోను, ఒక నీలం అట్ట రిజిస్టరు, ఒక పెన్ను. ఎక్కడ లిఫ్టు ఆగినా కబురు ఆవిడకే వచ్చేది. రాసుకోవడం, దగ్గర్లో ఉన్న మెకానిక్కుని పంపడం, పని అయిందని అతను చెప్పగానే ఎదురుగా టిక్కు పెట్టడం, అంతే. మూడేళ్ల కిందట కొత్త మేనేజరు వచ్చి రిజిస్టరును బీరువాలో పెట్టించాడు.

"ఇకనుంచి కంప్లయింట్లన్నీ మెయిల్‌కే వస్తాయి మేడమ్. మీకు ఫోన్ల బాధ తప్పుతుంది" అన్నాడు.

మనిషి చెడ్డవాడు కాదు. నిజంగానే తప్పుతుందనుకున్నాడు.

తప్పలేదు. జనం మెయిల్ పంపి, అది అందిందో లేదో కనుక్కోవడానికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. పైగా ఒక లిఫ్టు ఆగితే ఒక మెయిల్‌తో పోదు. బిల్డింగు కార్యదర్శి రాస్తాడు. అది చూసి రెండో అంతస్తు ఆయన 'అవును, నేనూ గమనించాను' అంటాడు. ఐదో అంతస్తు ఆవిడ లిఫ్టు సంగతి పక్కనపెట్టి మెట్ల మీద చెత్త సంగతి ఎత్తుతుంది. ఆ చెత్త ఎవరిదో తేలేలోపు ఇరవై మెయిళ్లు, ప్రతిదీ అందరికీ. మెకానిక్కు వెళ్లి బాగుచేసి వచ్చాక థాంక్స్ అంటూ మరో ఏడు. వదిన పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే చాంతాడంత జాబితా కనబడేది. కిందనుంచి చదువుకుంటూ పైకి పోతుంటే పైన కొత్తవి చేరేవి. కారే పడవలోంచి దోసిళ్లతో నీళ్లు తోడినట్టుండేది. చదవని మెయిళ్ల లెక్క ఒక మూలన కనిపిస్తూ ఉండేది: నాలుగు వేల మూడు వందల పన్నెండు. కొన్నాళ్లకి ఆవిడ ఆ మూలకి చూడటమే మానేసింది.

ఒక బుధవారం పొద్దున ఒక యువతి నేరుగా ఆఫీసుకి వచ్చింది. జుట్టు సరిగా దువ్వుకోలేదు. బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా మాట్లాడింది.

"మేం మెయిల్ పెట్టి మూడు రోజులైందండీ. మా నాన్నగారు చక్రాల కుర్చీలో ఉంటారు. ఆరో అంతస్తు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొన్న మా తమ్ముడూ నేనూ కుర్చీతో సహా మోసుకుంటూ మెట్లు దింపాం. తమ్ముడికి నడుం పట్టేసింది. ఇవాళ మళ్లీ వెళ్లాలి."

గొంతు పెంచలేదు. ఒక్క మాట తూలలేదు. వదిన ఆ బిల్డింగు పేరు కొట్టి వెతికింది. 'గోడల రంగు' అనే శీర్షిక కింద ముప్పై ఎనిమిది మెయిళ్లున్నాయి. లేత పసుపా, తెలుపా అని జనం కొట్టుకుంటున్నారు. వాటిలో ముప్పై ఒకటోది ఈ అమ్మాయిది. 'లిఫ్టు పనిచేయడం లేదు, నాన్నగారిని కిందికి దింపాలి, దయచేసి' అని రెండు వాక్యాలు. దాని కింది మెయిల్ మళ్లీ లేత పసుపు గురించే.

వదిన అప్పటికప్పుడు పెద్ద మేస్త్రీకి ఫోన్ చేసింది. మెకానిక్కుల్లో అందరికంటే సీనియర్ కాబట్టి అతనికా పేరు. చేతిలో పని వదిలేసి వెళ్లాడు. నలభై నిమిషాల్లో లిఫ్టు కదిలింది. నలభై నిమిషాల పని మూడు రోజులు మూలపడి ఉంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భర్త ఎత్తు స్టూలు మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు. పడినప్పటినుంచీ వంట అతనిదే. చెప్పులు విప్పుతూనే ఆవిడ సంగతంతా చెప్పింది.

"తిట్టిందా?" అన్నాడు.

"తిట్టినా బాగుండేదండీ."

అతను కంచాలు పెట్టాడు. ఆవిడ తిన్నాననిపించి లేచింది.

మర్నాడు బస్సులో కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. కూతురు వేరే ఊళ్లో నర్సు. ఆ టైంకి ఆ పిల్లా బస్సులోనే ఉంటుంది. విషయమంతా విని, "అమ్మా, నువ్వు అన్నీ చదవాలని చూస్తున్నావ్. అన్నీ చదివితే ఏదీ చదవనట్టే. మా వార్డులో వచ్చిన ప్రతి పేషెంటునీ వరసలో నిలబెడితే ముందు జలుబువాడే లోపలికొస్తాడు. ఎవరిని ముందు చూడాలో గుమ్మంలోనే తేల్చాలి. మెయిల్‌కీ అలాంటి గుమ్మం ఒకటి పెట్టుకో, నేను చెప్తా" అంది.

అలా మొదలైంది చదువు. రోజుకి పదిహేను నిమిషాలు, రెండు ఊళ్లలో రెండు బస్సుల్లో. ముందు, కొన్ని మాటలున్న మెయిళ్లు రాగానే వాటంతటవే ఎర్ర చీటీ తగిలించుకుని పైన నిలబడేలా చేయడం నేర్చుకుంది. ఆగింది, ఇరుక్కున్నారు, తలుపు, చక్రాల కుర్చీ. థాంక్స్ అన్న మాట ఉంటే ఆ మెయిల్ ఎదుట పడకుండా పక్క అరలోకి పోయేలా పెట్టింది. మొదటి రోజే 'పెయింటు పని ఆగింది' అన్న మెయిల్ ఎర్ర చీటీతో ఊరేగుతూ వచ్చింది. దానికి నవ్వుకుంది గాని రెండో రోజుది నవ్వులాట కాదు. 'థాంక్స్, కానీ మీవాళ్లు వెళ్లిన పది నిమిషాలకే లిఫ్టు మళ్లీ ఆగింది' అన్న మెయిల్ పక్క అరలో హాయిగా నిద్రపోతోంది. ఎర్ర చీటీ పడ్డదేదీ పక్క అరలోకి పోకూడదని కూతురు మరో కట్టడి చెప్పింది.

తర్వాత క్యాలెండర్. ఆరుగురు మెకానిక్కులకి ఆరు రంగులు. ఎవరు ఏ గంటకి ఏ బిల్డింగులో ఉండాలో వాళ్ల ఫోన్లోనే కనబడుతుంది. నెలనెలా చేయాల్సిన తనిఖీలు ఒక్కసారి రాసిపెడితే నెలనెలా వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. పెద్ద మేస్త్రీ ఫోన్ పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు.

"నాకు గులాబీ రంగేంటి వదినా, ఈ వయసులో?"

"మిగిలింది అదే. ముందొచ్చినవాళ్లు నీలాలూ పచ్చలూ పట్టుకుపోయారు."

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసుకి గులాబీ దక్కిందన్నమాట" అనుకుంటూ వెళ్లాడు.

ఇంట్లో భర్త ఇదంతా వింటూ వచ్చాడు. ఒక సాయంత్రం ఆవిడ టేబుల్ మీద మర్నాటి పట్టిక సరిచూసుకుంటుంటే వెనకనుంచి తొంగిచూసి, "అదేంటి, ఆ పాత బిల్డింగుకి తొమ్మిదింటికి పంపుతున్నావ్?" అన్నాడు.

"ఏం?"

"మోటారు గది తాళం పై ఇంటాయన దగ్గరుంటుంది. సూర్యుడు నడినెత్తికొస్తే గాని ఆయన లేవడు. తొమ్మిదింటికెళితే మనవాడు రెండు గంటలు మెట్ల మీద కూర్చోవాలి. నేను కూర్చున్నాగా."

ఆవిడ ఆ తనిఖీని పన్నెండుకి జరిపి, కింద ఆ ముక్క రాసింది. తర్వాత అతను ఆగలేదు. ఏ బిల్డింగులో బ్రేకు తడికి పట్టేస్తుంది, ఎక్కడ గుంటలోకి నీరు చేరుతుంది, ఏ వాచ్‌మన్‌కి చెవుడు, ఎక్కడ ఆరుసార్లు గంట కొట్టాలి. ఇరవై రెండేళ్లుగా గడప దాటని మనిషి తలలో నగరమంతా లిఫ్టు లిఫ్టుగా చెక్కుచెదరకుండా ఉంది. రోజూ నాలుగైదు బిల్డింగుల చొప్పున అతను చెప్పడం, ఆవిడ రాయడం. మధ్యలో పొయ్యి మీద కూర మాడిపోయేది. మెకానిక్కులు ఫోన్లో ఆ ముక్కలు చూసుకుని, "అన్న మళ్లీ డ్యూటీలో చేరాడు" అని చెప్పుకున్నారు. ఆ మాట ఇంట్లో చెబితే, ఆ పూట అతను గడ్డం గీసుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. మర్నాడు ఎవరింటికి ఏ టైంకి మనిషి వస్తాడో చెప్పే మెయిళ్లు ముందే రాసిపెట్టేస్తోంది, సాయంత్రం అయిదింటికి వాటంతటవే వెళ్లిపోతున్నాయి. రోజూ రాసే నాలుగు రకాల జవాబుల్నీ అచ్చులు పోసి దాచుకుంది. ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి చూస్తే తెర మీద ఒక్క మెయిల్ కూడా లేదు, అంతా తెల్లగా ఉంది. నెట్ పోయిందనుకుని కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. మళ్లీ తెలుపే. కంగారుగా కూతురికి ఫోన్ చేస్తే, "పోలేదమ్మా. పనైపోయింది. పనైపోతే ఇలాగే ఉంటుంది" అని నవ్వింది.

ఏం చేయాలో తోచక వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఎండ ఎలా పడుతుందో ఆ కుర్చీలోంచి చూడటం ఆవిడకి అదే మొదటిసారి. ఆ తీరిక తొమ్మిది రోజులు నిలిచింది.

పదోరోజు మేనేజరు వచ్చాడు. "అద్భుతం మేడమ్. మిమ్మల్ని చూసి అందరూ నేర్చుకోవాలి. మధ్యాహ్నాలు మీ క్యాలెండర్ ఖాళీగా కనిపిస్తోంది. మన రెండో బ్రాంచి పని కూడా మీరే చూస్తే…"

దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. వదిన తలూపింది. కాదనే అలవాటు లేదు. వారం తిరిగేసరికి మెయిళ్లు రెట్టింపయ్యాయి, మధ్యాహ్నపు ఎండ మళ్లీ కనబడకుండా పోయింది.

అది తన మీదే ఆగిపోతే మోసుకునేదే. ఆగలేదు. మెకానిక్కుల క్యాలెండర్లు మేనేజరు కూడా చూస్తాడు. గులాబీకీ గులాబీకీ మధ్య, నీలానికీ నీలానికీ మధ్య అతనికి తెల్లటి ఖాళీలు కనిపించాయి. ఒక్కో ఖాళీలో ఒక్కో బిల్డింగు పట్టుకొచ్చి పెట్టాడు. అయిదు చోట్లకి వెళ్లే మనిషి ఆరు చోట్లకి, ఆరు ఏడయ్యాయి, ఏడు ఎనిమిదయ్యాయి. రిజిస్టరు రోజుల్లో ఈ ఖాళీలు ఎవరికీ కనబడేవి కావు. వదిన వాటిని రంగులు వేసి మరీ చూపించింది.

ఒక మధ్యాహ్నం మూడున్నరకి పెద్ద మేస్త్రీ ఆఫీసుకి వచ్చాడు. ఆ టైంకి అతను ఊరికి అటు చివర ఉండాలి. కుర్చీలో కూలబడ్డాడు. గ్లాసులో నీళ్లిస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏమైంది?" అంది వదిన.

"ఎవరితో అనకు." గొంతు తగ్గించాడు. "ఇందాక స్టాప్ స్విచ్ వెయ్యకుండానే లిఫ్టు పెట్టె పైకెక్కాను. పైనున్నవాళ్లెవరో బటన్ నొక్కారు. నన్నేసుకుని కదిలింది. స్విచ్ చేతికందింది కాబట్టి ఇక్కడున్నాను."

వదిన తన కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది.

"ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ మర్చిపోలేదు వదినా. తర్వాతి బిల్డింగుకి లేటైపోతోందని ఫోన్ మోగుతూనే ఉంది. జేబులో మోగుతుంటే మనసు ఇక్కడుండదు." నీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "నువ్వు నేర్చుకున్న చదువు మంచిదే. మా ప్రాణం మీదికొచ్చింది, అంతే."

నిష్ఠూరంగా అనలేదు. బాగా అలసిపోయిన మనిషి ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, మెల్లగా లేచి మిగతా పనికి వెళ్లబోయాడు. "మిగతావి రేపు" అని వదిన అతని గులాబీ గడులు మూడింటినీ అతని కళ్లముందే మర్నాటికి తోసేసింది.

ఆ సాయంత్రం భర్తకి చెప్పలేదు. ఎవరితో అనకని మేస్త్రీ అన్నందుకు కాదు. చెబితే అతను ఏ గుంట గుర్తుచేసుకుంటాడో తెలుసు. మర్నాడు ఒక గంట ముందే ఆఫీసుకి వెళ్లి, ఆరుగురి క్యాలెండర్లూ తెరిచి, ప్రతి రెండు బిల్డింగుల మధ్యా అరగంట బూడిదరంగు గడి ఒకటి పెట్టింది. ఎన్ని పెట్టిందో లెక్కలేదు. మణికట్టు లాగింది. ఆ గడిలో ఇంకెవరూ ఏమీ పెట్టడానికి వీల్లేకుండా తాళం వేసింది. దాని మీద ఏం పేరు రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది.

మేనేజరు పదకొండింటికి పిలిచాడు.

"మేడమ్, ఈ బూడిదరంగు గడులేంటి?"

"ఊపిరి సార్."

"ఏంటి?"

"ఊపిరి పీల్చుకునే టైం. ఒకచోటినుంచి ఇంకోచోటికి వెళ్లాలి, బండి పెట్టుకోవడానికి చోటు దొరకాలి, తాళం మనిషి రావాలి. తర్వాత ఆరంతస్తులు మెట్లెక్కాలి. లిఫ్టు చెడిపోయినచోటికే కదా సార్ మనవాళ్లు వెళ్లేది. లిఫ్టులో వెళ్లలేరుగా."

అతనికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. "పైవాళ్లు మనిషికి రోజుకి ఎనిమిది అడుగుతున్నారు మేడమ్. నేనేం చెప్పను?"

"మా ఆయన పడిన రోజు రిజిస్టరు నేను చూశాను సార్" అంది వదిన. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఆఫీసులో ఎవరితోనూ అనని మాట అది. "ఇక్కడ చేరిన మొదటి వారంలోనే తీసి చూశాను. ఆ రోజు ఆయన పేరు ఎదురుగా తొమ్మిది బిల్డింగులున్నాయి. ఎనిమిది టిక్కులున్నాయి. తొమ్మిదో దానికి లేదు."

మేనేజరు తెర మీద ఒక్కో పేరు కిందా ఎన్ని బిల్డింగులున్నాయో లెక్కపెట్టాడు.

"ఆరు చేస్తారు సార్. మళ్లీ వెళ్లక్కర్లేకుండా చేస్తారు."

"ఏడు" అన్నాడు చివరికి. "గడులు ఉండనివ్వండి. అరగంట కాదు, ఇరవై నిమిషాలు. పైకి నేను చెప్పుకుంటాను."

పది నిమిషాల కోసం పోట్లాడే ఓపిక ఆవిడకి లేదు. సరేనంది. బల్ల దగ్గరికి వెళ్లి ఇరవై అయిదు పెట్టింది.

అంతకుముందు, ఆవిడ అతని గదిలోంచి వెళ్లబోతుంటే అతను అడిగాడు, "మీ క్యాలెండర్‌లో మాత్రం ఇలాంటి గడి ఒక్కటీ లేదేం మేడమ్?"

"నాకు తట్టలేదు సార్" అంది. నిజంగానే తట్టలేదు. అతని క్యాలెండర్ కూడా ఆవిడకి కనబడుతుంది. పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం దాకా రంగు లేని చోటు లేదు. అందులో 'అమ్మకి ఫోన్' అని ఒకటి పదకొండు వారాలుగా ఒక వారంనుంచి ఇంకో వారంలోకి జరుగుతూనే ఉంది. ఆ సంగతి ఆవిడ అనలేదు. అది అనదగ్గ మాట కాదు.

గడులైతే నిలిచాయి. ఇరవై అయిదు నిమిషాలని మేనేజరు గమనించాడో లేదో తెలియదు. ఏడు బిల్డింగులు నిజానికి ఆరుంబావు అయ్యేవి. మిగిలినవి మర్నాటికి జరిగేవి. బాగుచేసిన లిఫ్టు వారంలో మళ్లీ ఆగడం కొంచెం తగ్గింది. పైవాళ్లు దాని గురించి మెచ్చుకుంటూ ఏమీ రాయలేదు, తిడుతూనూ రాయలేదు. పెద్ద మేస్త్రీ కొన్నాళ్లు ఆ గడుల్లో బండి మీదే కూర్చుని కళ్లు మూసుకునేవాడట. తర్వాత ఒక చిన్నవాడికి పని నేర్పడానికి వాటిని వాడుకున్నాడు. రెండో బ్రాంచి మాత్రం వదిన మీదే ఉండిపోయింది. అది తిరిగి తీసుకునే మాట ఎవరూ ఎత్తలేదు. తన కోసం మధ్యాహ్నం రెండుంబావుకి ఆవిడ ఒక గడి పెట్టుకుంది గాని, వారంలో మూడు రోజులు దాన్ని తనే చెరిపేసి పని చేసుకునేది.

రెండో బ్రాంచి వైపు బిల్డింగులు భర్త ఎరగడు. అతను పడ్డాక కట్టినవే ఎక్కువ. ఒకరోజు ఆవిడ ఇంటికొచ్చేసరికి అతను స్టూలు మీద కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఒళ్లో కాగితం, చేతిలో పెన్సిలు. ఆవిడ పట్టికలోంచి వాచ్‌మన్ల నంబర్లు రాసుకున్నాడు.

"అదేనయ్యా, మోటారు గదికి నిచ్చెనుందా, మెట్లున్నాయా? ... నిచ్చెనా? గట్టిదేనా? ... గుంటలో లైటు వెలుగుతుందా? ... సరే, నువ్వెంతకాలంనుంచి ఉన్నావక్కడ? ... నడుం నొప్పా? కింద పడుకోకు, ముందు ఆ పని మానెయ్…"

వదిన చెప్పులు విప్పి, సంచీ పక్కన పెట్టి, గోడకి చేరగిలబడి కూర్చుంది. కాళ్లు బరువెక్కి ఉన్నాయి. అవతలి మనిషి ఏదో పెద్ద కథే చెబుతున్నట్టున్నాడు. భర్త ఊఁ కొడుతూ, మధ్యమధ్య కాగితం మీద రాసుకుంటూ, ఆవిడ వైపు చూసి వంట అయిందని కళ్లతోనే సైగ చేశాడు. ఆవిడ కాసేపాగి లేద్దామనుకుని కళ్లు మూసుకుంది.